కడుపునొప్పి సాకు కాకపోవచ్చు! పేగుపూత, మంచి బ్యాక్టీరియా కథ



గత సంవత్సరం నా ఎనిమిదో తరగతిలో ఒక బాబు ఉండేవాడు. ఒక్క పీరియడ్‌లోనే రెండు మూడుసార్లు "మేడమ్, వాష్‌రూమ్" అని లేచేవాడు. మొదట్లో పంపాను. తర్వాత ఒకరోజు "ఇప్పుడేగా వెళ్లొచ్చావు, బెల్ కొట్టాక వెళ్లు" అని కూర్చోబెట్టాను. క్లాసంతా నవ్వింది. వాడు తల వంచుకుని కూర్చున్నాడు. పాఠం తప్పించుకోవడానికి సాకు చెబుతున్నాడనే అనుకున్నాను.

కొన్ని నెలల తర్వాత తెలిసింది, ఆ బాబుకు క్రోన్స్ అనే పేగు జబ్బు ఉందని. అప్పటికే ఏడాదిగా కడుపునొప్పి, విరేచనాలు. ఒకరు అమీబా అన్నారట, ఇంకొకరు నులిపురుగులు అన్నారట. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ కోర్సులే నాలుగైదు అయ్యాయట. పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు వాళ్లమ్మగారు నన్నొక ప్రశ్న అడిగారు.

"మేడమ్, మన పేగుల్లో మంచి బ్యాక్టీరియా ఉంటుందని మీరే పాఠం చెప్పారట. డాక్టరుగారేమో ఈ జబ్బులో ఆ బ్యాక్టీరియా పాత్ర కూడా ఉందంటున్నారు. మంచిదైతే మా వాడికి చేటెందుకు చేసింది?"

ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. తర్వాత చదివాను, తెలిసిన డాక్టర్లను అడిగాను. ఆ తల్లి అనుమతితోనే, పేరు లేకుండా, ఆమెకు చెప్పాల్సిన జవాబును మీ అందరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

పేగుపూత అంటే ఏమిటి?

పేగు లోపలి గోడ వాచి, ఎర్రబడి, పుండ్లు పడి, అది మానకుండా ఏళ్ల తరబడి కొనసాగే జబ్బును పేగుపూత అంటాం. డాక్టర్లు ఐబీడీ అంటారు. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దపేగుకే పరిమితం. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది. పేగు లోపలి పొర దెబ్బతింటుంది. మలంలో రక్తం, జిగురు పడటం దీని ముఖ్య లక్షణం.

రెండోది క్రోన్స్. ఇది నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు. చిన్నపేగు చివరి భాగంలో ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడక్కడా మచ్చల్లా వస్తుంది, పేగు గోడ మందమంతా లోతుగా పాకుతుంది. 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రి వైద్యుడు బరిల్ క్రోన్, మరో ఇద్దరు సహచరులతో కలిసి దీని గురించి రాశారు. ఆయన పేరే జబ్బుకు స్థిరపడింది.

ఒక విషయంలో చాలామంది పొరబడతారు. ఐబీఎస్ వేరు, ఐబీడీ వేరు. ఐబీఎస్‌లో కడుపునొప్పి, విరేచనాలు ఉన్నా పేగులో పుండ్లు ఉండవు, రక్తం పోదు. ఐబీడీలో పేగు నిజంగానే దెబ్బతింటుంది.

ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చున్నా, టిఫిన్ బాక్స్ పంచుకున్నా రాదు.

మన పేగులో కాపురముండేది ఎవరు?

మన శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 70 కిలోల మనిషికి వేసిన లెక్క అది. దాదాపు మన సొంత కణాలు ఎన్నో అవీ అన్నే! అన్నీ కలిపి తూస్తే సుమారు 200 గ్రాములు. వీటిలో అత్యధికం పెద్దపేగులోనే ఉంటాయి.

ఇవి ఊరికే కూర్చుని తినవు. మనం తిన్న ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే పీచును మన శరీరం జీర్ణం చేసుకోలేదు. ఆ పని ఈ బ్యాక్టీరియా చేస్తాయి. పీచును పులియబెట్టి బ్యుటిరేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు గోడలోని కణాలకు ముఖ్యమైన ఆహారం అదే. అంటే మనం పీచు తింటే బ్యాక్టీరియా తింటాయి, బ్యాక్టీరియా తింటే మన పేగు గోడ బలంగా ఉంటుంది. ఇవి కొన్ని విటమిన్లు కూడా తయారుచేస్తాయి. బయటి నుంచి వచ్చే హానికర క్రిములకు చోటు దొరక్కుండా చూస్తాయి.

గోడ, వాచ్‌మన్, అద్దెకున్నవాళ్లు

పిల్లలకు నేను ఇలా చెబుతాను. మీ అపార్ట్‌మెంట్‌ను ఊహించుకోండి.

కాంపౌండ్ వాల్ బయట వీధిలో రోజంతా జనం తిరుగుతుంటారు. వాళ్లు మన పేగులోని బ్యాక్టీరియా. పేగు గోడ మీద ఉండే జిగురు పొర కాంపౌండ్ వాల్ లాంటిది. పెద్దపేగులో ఈ పొర రెండు వరుసలుగా ఉంటుంది. బయటి వరుసలో బ్యాక్టీరియా ఉంటాయి, లోపలి వరుసలోకి మామూలుగా రావు. ఆ గోడ వెనక కాపలా కాసే వాచ్‌మన్ మన రోగనిరోధక వ్యవస్థ.

మంచి వాచ్‌మన్‌కు పాలబ్బాయి ఎవరో, పేపర్ వేసే అబ్బాయి ఎవరో, దొంగ ఎవరో తెలుసు. రోజూ కనిపించేవాళ్లను చూసి కర్ర ఎత్తడు. మన పేగు కూడా పసితనం నుంచే ఈ ఓర్పు నేర్చుకుంటుంది.

ఇప్పుడు గోడకు కన్నం పడిందనుకోండి. రోజూ వీధిలో తిరిగేవాళ్లే పొరపాటున లోపలికి వచ్చేశారు. పైగా ఆ వాచ్‌మన్ స్వభావరీత్యా కాస్త తొందరపాటు మనిషి. కర్ర తీసుకుని అందరినీ బాదడం మొదలుపెట్టాడు. ఆ దెబ్బలకు గోడ ఇంకా కూలింది. ఇంకాస్త జనం లోపలికి వచ్చారు. ఆయన ఇంకా గట్టిగా బాదాడు. ఇది ఆగదు. చివరికి నష్టపోయేది అపార్ట్‌మెంటే. పేగుపూతలో జరిగేది దాదాపు ఇదే.

కాబట్టి ఆ తల్లి ప్రశ్నకు నా జవాబు ఇది. అమ్మా, ఆ బ్యాక్టీరియా టైఫాయిడ్ క్రిమిలా బయటి నుంచి దాడి చేసిన శత్రువు కాదు. బాబు పేగుకూ, దాని కాపలాకూ, అందులో కాపురముండే వాటికీ మధ్య ఉండాల్సిన సర్దుబాటు చెడిపోయింది.

ఈ సంగతి ఎలా తెలిసింది?

బెల్జియంలోని లూవెన్ వైద్యులు 1990లలో ఒక విషయం గమనించారు. క్రోన్స్ ఉన్నవారికి దెబ్బతిన్న పేగు ముక్కను ఆపరేషన్ చేసి తీసేసి, మిగిలిన కొసలను కలిపి కుడతారు. కొన్నాళ్లకు సరిగ్గా ఆ కుట్టు దగ్గరే జబ్బు మళ్లీ వస్తుంటుంది. అయితే, పేగులో పారే పదార్థం ఆ కుట్టు మీదుగా పోకుండా కొంతకాలం పొట్ట మీది రంధ్రం ద్వారా బయటికి మళ్లించినప్పుడు అక్కడ జబ్బు తిరగబెట్టలేదు. తర్వాత కొద్దిమంది రోగుల్లో ఆ పదార్థాన్ని మళ్లీ ఆ భాగంలోకి పంపి చూస్తే, వారం రోజులకే వాపు మొదలైంది.

ఆ పదార్థంలో ఆహారమూ ఉంటుంది, బ్యాక్టీరియా కూడా ఉంటాయి. మరి కారణం ఏది? దీనికి ఎలుకలు కొంత జవాబు చెప్పాయి. రోగనిరోధక వ్యవస్థను శాంతపరిచే ఐఎల్-10 అనే పదార్థం తయారుకాని ఎలుకలకు పేగువాపు వస్తుందని 1993లో కనుగొన్నారు. అవే ఎలుకలను ఒక్క క్రిమి కూడా లేని గదుల్లో పెంచితే వాపు రాలేదు. తొందరపాటు వాచ్‌మన్ ఉన్నా, వీధిలో జనమే లేకపోతే గొడవ లేదన్నమాట.

2001లో మరో ఆధారం దొరికింది. క్రోన్స్‌తో సంబంధమున్న మొదటి జన్యువును రెండు పరిశోధక బృందాలు గుర్తించాయి. దాని పేరు ఎన్ఓడీ-2. బ్యాక్టీరియా గోడలోని ముక్కను పసిగట్టడం దాని పని! ఆ తర్వాత ఐబీడీతో సంబంధమున్న జన్యు స్థానాలు 200కు పైగా బయటపడ్డాయి.

అయితే జన్యువులే అంతా కాదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2015లో వెలువడిన అధ్యయనం చూడండి. దక్షిణాసియా నుంచి వలస వెళ్లిన పెద్దల్లో ఐబీడీ తక్కువే. కానీ అక్కడే పుట్టిన వాళ్ల పిల్లల్లో జబ్బు వచ్చే అవకాశం అక్కడి మిగతా పిల్లలతో సమానంగా ఉంది. ఒక్క తరంలో జన్యువులు మారవు. మారింది తిండి, పరిసరాలు, వాటితో పాటు పేగులోని బ్యాక్టీరియా. మన కుటుంబాల్లో విదేశాల్లో స్థిరపడినవారు ఎందరో ఉన్నారు కాబట్టి ఇది మనం ఆలోచించాల్సిన విషయం. మన దేశంలోనూ ఈ జబ్బు ఇప్పుడు పెరుగుతోంది. హైదరాబాద్‌లోనే కాదు, పల్లెల నుంచీ రోగులు వస్తున్నారు.

ఏ బ్యాక్టీరియా తగ్గుతాయి?

ఐబీడీ ఉన్నవారి పేగుల్లో బ్యాక్టీరియా రకాలు తగ్గిపోతాయి. ముఖ్యంగా బ్యుటిరేట్ తయారుచేసేవి తగ్గుతాయి. వాటిలో ఒకటి ఫీకాలిబ్యాక్టీరియం ప్రౌస్నిట్జీ. పేరు పలకడం కష్టమే, పని మాత్రం గొప్పది. ఆపరేషన్ అయిన క్రోన్స్ రోగుల్లో ఇది తక్కువగా ఉన్నవారికి జబ్బు తిరగబెట్టడం ఎక్కువని ఫ్రాన్స్ పరిశోధకులు 2008లో చూపించారు. మరోవైపు పేగు గోడకు అంటుకుని లోపలికి దూరే కొన్ని రకాల ఈ-కోలై కొందరు క్రోన్స్ రోగుల్లో ఎక్కువగా కనిపిస్తాయి.

బ్యాక్టీరియా మారడం వల్ల వాపు వచ్చిందా, వాపు వల్ల బ్యాక్టీరియా మారాయా? రెండూ జరుగుతాయి, ఒకదాన్నొకటి పెంచుతాయి. అందుకే "ఈ ఒక్క క్రిమి వల్లే వచ్చింది, దీన్ని చంపేస్తే పోతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి యాంటీబయాటిక్ వేస్తే?

మనలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. విరేచనాలు అనగానే మెడికల్ షాపుకు వెళ్లి రెండు బిళ్లలు తెచ్చి వేసేస్తాం. యాంటీబయాటిక్‌కు మంచి చెడు తెలియదు. దొంగతో పాటు పాలబ్బాయినీ తరిమేస్తుంది. చిన్నతనంలో యాంటీబయాటిక్స్ ఎక్కువగా వాడిన పిల్లల్లో తర్వాత ఐబీడీ, ముఖ్యంగా క్రోన్స్, కాస్త ఎక్కువగా కనిపిస్తోందని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. అవే కారణమని దీనితో రుజువు కాదు. కానీ అవసరం లేకుండా వాడకూడదని చెప్పడానికి ఇది చాలు.

అలాగని డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌ను మానేయకండి. న్యుమోనియాకు, టైఫాయిడ్‌కు అది ప్రాణం నిలబెడుతుంది. క్రోన్స్‌లో చీముగడ్డలు వచ్చినప్పుడు కూడా వాడతారు. మనంతట మనం వాడటమే వద్దు.

పెరుగు, ప్రోబయాటిక్స్ సంగతి?

పెరుగన్నం, చద్దన్నం మన పిల్లలకు మంచి ఆహారం. హాయిగా పెట్టండి. కానీ పేగుపూతకు అవి మందు కావు. షాపుల్లో దొరికే ప్రోబయాటిక్ పొడులు, క్యాప్సూళ్లు కూడా అంతే. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్‌లలో వీటిని మామూలు చికిత్సగా వాడటానికి తగిన ఆధారాలు లేవని, పరిశోధనల్లో భాగంగా మాత్రమే వాడాలని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో సూచించింది.

ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను శుద్ధి చేసి రోగి పేగులోకి పంపే చికిత్స గురించి కొందరు విని ఉంటారు. అల్సరేటివ్ కొలైటిస్‌లో దీనిమీద మన దేశంతో సహా పలుచోట్ల పరిశోధనలు జరిగాయి, కొందరికి మేలు కనిపించింది. ఇంకా మామూలు చికిత్స స్థాయికి రాలేదు. ఇంట్లో ప్రయత్నించే విషయం అసలే కాదు.

తిండితో ఎంత సంబంధం?

ముందుగా ఒక మాట. మీరు పెట్టిన కారం కూర వల్లో, ఒక పెళ్లి భోజనం వల్లో మీ బిడ్డకు ఈ జబ్బు రాలేదు. తల్లులు దయచేసి ఆ నేరం మీ మీద వేసుకోవద్దు.

అయితే రోజూ ఏం తింటున్నామన్నది బ్యాక్టీరియాకు ముఖ్యమే. ఎలుకలకు పీచు లేని ఆహారం పెట్టినప్పుడు, తిండి దొరకని బ్యాక్టీరియా పేగు మీది జిగురు పొరనే తినడం మొదలుపెట్టాయని 2016లో ఒక పరిశోధన చూపింది. కాంపౌండ్ వాల్ ఇటుకలు పీక్కుని తిన్నట్టే! ప్యాకెట్ ఆహారాల్లో వాడే కొన్ని ఎమల్సిఫయర్లు కూడా ఎలుకల్లో ఆ పొరను దెబ్బతీశాయని 2015లో తేలింది. మనుషుల్లోనూ అంతే జరుగుతుందని ఖాయంగా చెప్పలేం. కానీ రోజూ నూడుల్స్, చిప్స్, బిస్కెట్లతో సాయంత్రం గడిపే పిల్లల గురించి ఆలోచించడానికి ఇది చాలదా?

తోటకూర, గోంగూర, చిక్కుడు, బెండ, పెసలు, శనగలు, జొన్నరొట్టె, రాగిసంకటి, జామకాయ. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఇవన్నీ పెట్టండి. ఇప్పటికే పేగుపూత ఉన్న పిల్లల సంగతి వేరు. జబ్బు ఉద్ధృతంగా ఉన్నప్పుడు, పేగు సన్నబడినప్పుడు పీచు ఎక్కువైతే ఇబ్బంది. అప్పుడు డాక్టరు, డైటీషియన్ చెప్పినట్టే పెట్టాలి.

మన దగ్గర ఇంకో చిక్కు: పేగు టీబీ

మన దేశంలో టీబీ ఎక్కువ. అది పేగుకూ వస్తుంది. పేగు టీబీ, క్రోన్స్ చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. అవే నొప్పులు, అదే జ్వరం, అదే బరువు తగ్గడం. టీబీ ఉన్నవారికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే టీబీ ముదురుతుంది. క్రోన్స్ ఉన్నవారికి టీబీ మందులు నెలల తరబడి ఇస్తే ఆలోపు పేగు పాడవుతుంది. అందుకే మల పరీక్ష, రక్త పరీక్ష, స్కానింగ్, ఎండోస్కోపీ, ముక్క పరీక్ష అంటూ డాక్టరు వరసగా రాస్తారు. "ఇన్ని టెస్టులెందుకు?" అని విసుక్కోకండి. మల పరీక్షల్లో కాల్‌ప్రొటెక్టిన్ అనేది ఒకటి ఉంది. పేగులో వాపు ఉందా లేదా అన్నది సూది గుచ్చకుండానే దానితో చాలావరకు అంచనాకు వస్తుంది.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకండి

• కొన్ని వారాలుగా విరేచనాలు, లేదా తగ్గి మళ్లీ మళ్లీ రావడం
• మలంలో రక్తం, జిగురు
• రాత్రి నిద్రలోంచి లేచి మరీ విరేచనానికి వెళ్లడం
• బరువు తగ్గడం, ఆకలి మందగించడం
• ఈడు పిల్లలతో పోలిస్తే ఎత్తు పెరగకపోవడం, యుక్తవయసు మార్పులు ఆలస్యం కావడం
• తరచూ నోటిపూత, కీళ్లనొప్పులు, కారణం తెలియని జ్వరం
• రక్తహీనత, నీరసం
• మలద్వారం దగ్గర పుండ్లు, చీము

వీటిలో ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. కొందరు పిల్లల్లో విరేచనాల కంటే ముందే ఎదుగుదల ఆగిపోతుంది. స్కూలు హెల్త్ కార్డులో ఎత్తు, బరువు రాసి పంపినప్పుడు ప్రోగ్రెస్ కార్డు చూసినంత శ్రద్ధగా దాన్నీ చూడండి. పోయినసారి ఎంత, ఈసారి ఎంత అని పోల్చండి. తేడా లేకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి. అవసరమైతే ఆయనే జీర్ణకోశ నిపుణుల దగ్గరికి పంపుతారు.

చికిత్స ఉందా?

ఉంది. పూర్తిగా మాయం చేసే మందు ఇంకా రాలేదు కానీ, జబ్బును అణచి ఉంచి మామూలు జీవితం గడిపే మార్గాలున్నాయి. వాపు తగ్గించే మాత్రలు, కొద్దికాలం స్టెరాయిడ్లు, రోగనిరోధక వ్యవస్థ దూకుడును తగ్గించే మందులు, బయోలాజికల్ ఇంజెక్షన్లు వాడతారు. బయోలాజికల్స్ మొదలుపెట్టే ముందు లోపల టీబీ దాగి ఉందేమో తప్పక చూస్తారు.

క్రోన్స్ ఉన్న పిల్లలకు మరో ప్రత్యేక చికిత్స ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు మామూలు అన్నం, కూరలు ఆపేసి, అన్ని పోషకాలూ ఉన్న ప్రత్యేక ద్రవాహారం మాత్రమే ఇస్తారు. స్టెరాయిడ్ లేకుండానే చాలామంది పిల్లల్లో వాపు తగ్గుతుంది. తిండి మారితే పేగులోని బ్యాక్టీరియా కూడా మారుతాయి. ఆ బాబుకు చేసింది ఇదే. ఇంట్లో అందరూ పండగ పిండివంటలు తింటుంటే వాడు గ్లాసు పట్టుకుని కూర్చున్నాడని వాళ్లమ్మగారు చెబుతూ కళ్లు తుడుచుకున్నారు. కానీ బరువు పెరిగాడు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. నొప్పి తగ్గిందని మందులు మధ్యలో ఆపకండి. బయటికి బాగున్నట్టు కనిపించినా లోపల వాపు ఉండవచ్చు.

బడిలో మనం చేయాల్సినవి

మీ బిడ్డకు ఇలాంటి ఇబ్బంది ఉంటే క్లాస్ టీచర్‌కు ముందే చెప్పండి. దాచాల్సిన విషయం కాదు. మీకు ఇష్టం లేకపోతే క్లాసులో ఎవరికీ చెప్పం. తలుపు దగ్గరి బెంచీలో కూర్చోబెడతాం, అడగకుండానే వాష్‌రూమ్‌కు వెళ్లే వీలు కల్పిస్తాం. బ్యాగులో ఒక జత బట్టలు పెట్టి పంపండి. పరీక్షల భయం వల్ల ఈ జబ్బు రాదు, కానీ ఆందోళన ఎక్కువైతే బాధ పెరగవచ్చు. కాబట్టి ఆ రోజుల్లో మార్కుల గురించి కాస్త తక్కువ మాట్లాడుకుందాం.

ఇంట్లో మీ పిల్లలతో కూడా ఒక మాట చెప్పండి. వాష్‌రూమ్‌కు పదేపదే వెళ్లే స్నేహితుణ్ని చూసి నవ్వకూడదని.

ఆ బాబు ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఈ మధ్య నా పీరియడ్‌లో లేచి, తలుపు దాకా వెళ్లి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నేను బోర్డు మీద రాస్తూనే తల ఊపాను. క్లాసులో ఎవరూ నవ్వలేదు.

గమనిక: ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. మీ బిడ్డ విషయంలో నిర్ణయం మీ డాక్టరుగారి సలహాతోనే తీసుకోండి.

— మీ సైన్స్ టీచర్